ముందు తిప్పు, ఆ తర్వాతే రంగు: నాన్నగారి ఆర్‌ఎక్స్ 100 సంగతి

తమ్ముడూ, నీ ప్రశ్న పొద్దున్నే చూశాను. రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి పని అయ్యాక తీరిగ్గా కూర్చున్నా, కొంచెం పొడుగవుద్ది. మిగతావాళ్ళ కోసం నువ్వు అడిగింది ఇక్కడే చెప్పేస్తా. మీ నాన్నగారి 1993 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు కావలిలో మీ ఇంటి వసారాలో పదకొండేళ్ళుగా గోనెపట్టా కింద ఉంది, ఆయన హైస్కూల్ మాస్టారు, జూన్ 30న రిటైర్ అవుతున్నారు, ఆ రోజుకి బండి రెడీ చేసి ఆయన ముందు నిలబెట్టాలని నీ కోరిక. నువ్వుండేది చెన్నై పెరుంగుడిలో, పక్క వీధిలో మంచి పెయింటర్ దొరికాడు, ఈ నెలలోనే ట్యాంకూ ఛాసిస్సూ ఇచ్చేసి మ్యాట్ బ్లాక్ కొట్టిద్దామా, ఇంజన్ మెల్లగా చూసుకోవచ్చా అన్నావు. ఇంకోటి, అదే బండికి పోర్టింగ్ (సిలిండర్ గోడలో మిశ్రమం, పొగ వెళ్ళే రంధ్రాలని, అంటే పోర్టుల్ని, కోసి పెంచడం) చేయించి సైలెన్సర్ మార్చి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద కూడా తిప్పాలని ఉంది అన్నావు.

మొదటిదానికి జవాబు, రంగు ఆఖరి పని. ఇంజన్ చేయించు, బ్రేకులు, వైరింగ్ చేయించు, తుప్పు మరకలతో, పాత రంగుతో, చూడ్డానికి ఎలా ఉన్నా సరే బండి మొత్తం బిగించి కనీసం 300 కిలోమీటర్లు తిప్పు, ఆ తర్వాత మళ్ళీ మొత్తం విప్పి అప్పుడు పెయింటర్ దగ్గరికి తీసుకెళ్ళు. రెండుసార్లు విప్పడం దండగ అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది, అందుకే నా మొదటి బండి పాడయింది.

2003లో ఒక యెజ్డీ రోడ్‌కింగ్ కొన్నాను, అప్పుడు విల్లివాక్కంలో ఉండేవాణ్ణి. ఇంజన్ ఇంకా మెకానిక్ దగ్గర ముక్కలుగా ఉండగానే ఆత్రం ఆగక ట్యాంకూ ఛాసిస్సూ పెయింటింగ్‌కి ఇచ్చేశా. ముదురు మెరూన్ రంగు, మేస్త్రి ఎంత శ్రద్ధగా కొట్టాడంటే ట్యాంకులో నా ముఖం కనపడేది. మూడు నెలల తర్వాత ఇంజన్ ఎక్కించాం, ఎక్కించేటప్పుడే ఛాసిస్ కింది పైపు మీద రెండు గీతలు పడ్డాయి, సరే అనుకున్నా. పెట్రోల్ పోసి పడుకుని పొద్దున లేచి చూస్తే ట్యాంకు కింద అతుకు దగ్గర ఒక చుక్క వేలాడతా ఉంది, గుండు సూది మొన అంత రంధ్రం. దాన్ని మూయాలంటే ఇత్తడి వెల్డింగ్ పెట్టాలి, ఆ వేడికి చుట్టూ జానెడు మేర రంగు పొంగి నల్లబడిపోయింది. అదే వారంలో సెంటర్ స్టాండు లగ్ విరిగి ఛాసిస్‌కి కూడా వెల్డింగ్ పడింది. మేస్త్రి వచ్చి చూసి ఏమీ అనలేదు, ట్యాంకు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు, ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నించి ఎవరు అడిగినా ఇదే చెప్తున్నా.

సరే, ఇప్పుడు కావలి వెళ్తావు కదా, వెళ్ళగానే దయచేసి కిక్ కొట్టొద్దు. పదకొండేళ్ళు కదలకుండా ఉన్న ఇంజన్‌లో పిస్టన్ రింగులు లైనర్‌కి, అంటే సిలిండర్ లోపలి గోడకి, అంటుకుపోయి ఉంటాయి, పైన సన్నని తుప్పు పొర ఉంటుంది, బలంగా కిక్ కొడితే ఆ తుప్పు కాస్తా ఉప్పు కాగితంలా గోడని గీకేస్తుంది, లేకపోతే రింగే విరుగుద్ది. ప్లగ్ విప్పి ఆ రంధ్రంలోంచి రెండు మూడు చెంచాల 2టీ ఆయిల్ (ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజన్లకి వాడే ఆయిల్) పోసి ఒక రాత్రి వదిలెయ్, మర్నాడు టాప్ గేర్‌లో పెట్టి వెనక చక్రం పైకి లేపి చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా కదుపు, వస్తే మంచిదే, రాకపోతే బలవంతం చెయ్యకు, అది విప్పినప్పుడు చూసుకునే పని. విప్పే ముందు ప్రతి మూలా ఫోటో తియ్యి, ముఖ్యంగా వైర్లు, కేబుళ్ళు ఏ దారిన వెళ్ళాయో, ఏ క్లిప్పు ఎక్కడుందో. జూన్‌లో నీకు పనికొచ్చేది ఈ ఫోటోలే.

చెన్నైకి తేవడానికి రైల్వే పార్శిల్ ఉంది, పెట్రోల్ పూర్తిగా తీసెయ్యాలి, ఆర్‌సీ కాపీ కావాలి. నేనైతే మినీ వ్యాన్‌లో పడుకోబెట్టకుండా నిలబెట్టి కట్టి తెస్తాను, రైల్లో ఎక్కించి దించేటప్పుడు మడ్‌గార్డులు వంగుతాయి.

ఆర్‌సీ అన్నాను కదా, దాన్ని ఈ రోజే బయటికి తీయించు. 1993లో రిజిస్టర్ అయిన బండికి 15 ఏళ్ళు 2008లో అయిపోయాయి, ఆ తర్వాత ప్రతి ఐదేళ్ళకీ ఆర్టీవో దగ్గర బండి చూపించి రెన్యువల్ చేయించాలి, మీ నాన్నగారు ఎంతవరకు చేయించారో చూడు. 20 ఏళ్ళు దాటిన బళ్ళకి ఆ ఫీజు ఇప్పుడు బాగా పెంచారు, అది లెక్కలో పెట్టుకో. బండిని ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టి చూపించాలి, లైట్లు వెలగాలి, హారన్ మోగాలి, బ్రేకు పట్టాలి, అంటే పెయింట్ మెరుస్తూ ఇంజన్ లేని బండి ఎందుకూ పనికిరాదు. ఇంకో విషయం, ఆర్‌సీలో రంగు కూడా రాసి ఉంటుంది, మ్యాట్ బ్లాక్ కొట్టిస్తే ఆర్‌సీలో మార్పించాలి. 50 ఏళ్ళు దాటితే వింటేజ్ రిజిస్ట్రేషన్ అని వేరే దారి ఉంది కానీ 1993 బండి అందులోకి రాదు. తమిళనాడులో 12 నెలలు దాటి ఉంచుకుంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని ఇక్కడి నంబర్ వేయించాలి, నీ బండి తిరిగి కావలికే వెళ్తుంది కాబట్టి ఏపీ నంబరే ఉండనీ, మీ నాన్నగారు ముప్పై ఏళ్ళు రాసుకున్న నంబర్ అది.

ఇక ట్యాంకు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్, అది గాల్లో తేమని పీలుస్తుంది, పాత రబ్బరు పైపుల్నీ కార్బొరేటర్ లోపలి రబ్బర్లనీ మెత్తబరుస్తుంది. కాబట్టి పెట్రోల్ పైపు, కొళాయి లోపలి రబ్బరు, ఫ్లోట్ గిన్నె గాస్కెట్ అన్నీ కొత్తవి. ట్యాంకు లోపల తుప్పు ఉంటే తుప్పు తీసే ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణం పోసి కడిగించు, తర్వాత సోడా నీళ్ళతో రెండుసార్లు కడిగి వెంటనే ఆరబెట్టి, ఆరిన మరుక్షణం కొంచెం పెట్రోల్‌లో 2టీ ఆయిల్ కలిపి లోపలంతా తిప్పు. వెంటనే అని ఎందుకంటున్నానంటే చెన్నై గాలికి శుభ్రం చేసిన ఇనుము గంటలో పసుపు తిరుగుద్ది, నా కళ్ళముందే తిరిగింది.

చిల్లు ఉందో లేదో తెలుసుకునే పద్ధతి ఒకటి చెప్తా, దీనికి డబ్బు ఖర్చు లేదు. కొళాయి రంధ్రం బిరడా పెట్టి మూసెయ్, ట్యాంకు కింది అతుకు వెంబడి బయట పాత రంగు గీకేసి నూనె జిడ్డు లేకుండా తుడువు, అతుకు పొడుగునా ముగ్గు పిండి నీళ్ళలో కలిపి పల్చగా పూసి ఆరనివ్వు, తెల్లగా గీతలా ఉంటుంది. లోపల ఒక లీటరు డీజిల్ పోసి అతుకు మీదికి డీజిల్ వచ్చేలా వంచి రాత్రంతా ఉంచు. నీళ్ళు దూరని రంధ్రంలో కూడా డీజిల్ దూరుద్ది, పొద్దున చూస్తే ఎక్కడ రంధ్రం ఉందో అక్కడ తెల్లని ముగ్గు మీద మినప గింజంత తడి మరక కనపడుతుంది. కనపడితే వెల్డింగ్‌కి ఇచ్చే ముందు ట్యాంకుని సబ్బు నీళ్ళతో పలుమార్లు కడిగి, పని జరిగే చోటు మాత్రం వదిలి మిగతాదంతా నీళ్ళతో నింపమని చెప్పు, ఖాళీ ట్యాంకులో మిగిలే పెట్రోల్ ఆవిరి పేలుద్ది, మనుషులు పోయారు అలా.

ఇంజన్ దగ్గరికి వద్దాం, నిజానికి ఈ బండి అంటే ఇంజనే. 98 సీసీ, బోర్ (సిలిండర్ వెడల్పు) 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) కూడా 50, 11 గుర్రాల శక్తి, నాలుగు గేర్లు, బండి మొత్తం బరువు వంద కేజీలు కాస్త దాటుతుంది అంతే. 1985లో మొదలై 1996లో ఆగిపోయింది, ఆ పదకొండేళ్ళలో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంతమంది మాస్టార్లు, ఎల్‌ఐసీ ఏజెంట్లు, రొయ్యల చెరువులవాళ్ళు దీని మీద తిరిగారో నీకు తెలిసిందే. తేలిక శరీరం, రీడ్ వాల్వు, థ్రాటిల్ తిప్పగానే ముందుకు లాగే గుణం, అదే దాని ప్రాణం. ఆ ప్రాణం తిరిగి రావాలంటే మూడు చోట్ల పిసినారితనం చెయ్యకు.

ఒకటి ఆయిల్ సీళ్ళు. ఫోర్ స్ట్రోక్ బండి మీద పనిచేసిన కుర్ర మెకానిక్కులు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. టూ స్ట్రోక్‌లో క్రాంక్ కేస్ (పిస్టన్ కింద, క్రాంక్ ఇరుసు తిరిగే పెట్టె) కూడా గాలి పంపులా పనిచేస్తుంది, పెట్రోల్ గాలి మిశ్రమం ముందు కిందికి వచ్చి అక్కణ్ణించి పైకి వెళ్తుంది. క్రాంక్‌కి రెండు పక్కలా ఉన్న సీళ్ళు ఎండి గట్టిపడితే మ్యాగ్నెట్ వైపు నుంచి బయటి గాలి దూరుద్ది, మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. థ్రాటిల్ వదిలినా ఇంజన్ వేగం దిగకుండా అలాగే అరుస్తా ఉంటే అది గుర్తు. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి పీల్చుకుని తెల్లటి పొగ వస్తా ఉంటుంది, గేర్ ఆయిల్ తగ్గిపోతుంది. పదకొండేళ్ళు పడున్న బండికి ఇవి బాగానే ఉన్నాయి అని ఎవరన్నా నమ్మొద్దు, రెండూ మార్పించు.

రెండు క్రాంక్. సిలిండర్ తీశాక కనెక్టింగ్ రాడ్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడు, పక్కలకి కొద్దిగా ఊగడం మామూలే, నిలువుగా మాత్రం వెంట్రుక వాసి కూడా ఆడకూడదు, టక్ అని వేళ్ళకి తగిలిందంటే రాడ్ కిట్ మార్చి క్రాంక్‌ని ప్రెస్ మీద కొత్తగా కట్టించాలి, కట్టినతర్వాత డయల్ గేజ్ పెట్టి నిటారుగా తిరుగుతోందో లేదో చూపించమని అడుగు, చూపించని చోట ఇవ్వకు. అంబత్తూరు వైపు పాత లేత్ షాపుల్లో ఈ పని తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు.

మూడు రీబోర్, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడని కొత్త పిస్టన్‌కి తగ్గట్టు మళ్ళీ కోయించడం. పిస్టన్ ముందు కొను, దాన్ని చేత్తో పట్టుకుని షాపుకి వెళ్ళు, ఆ పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి దానికి తగ్గట్టు బోర్ చేయాలి, పిస్టన్ మీద రాసి ఉన్న సైజు అంకె చూసి ముందే బోర్ చేసి ఉంచితే తేడా వస్తుంది. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పిస్టన్ అల్యూమినియం, లైనర్ ఇనుము, మధ్యలో సందు తక్కువైతే మొదటి పొడుగు రోడ్డు మీదే పట్టేస్తుంది. బోర్ అయ్యాక పోర్టు అంచులు కత్తిలా ఉంటాయి, వాటిని చిన్న రాయితో గుండ్రం చేయించాలి, లేకపోతే రింగు అంచు దానికి తగులుకుని విరుగుద్ది. ఇది మర్చిపోయేవాళ్ళు చాలామంది, వేలు పెట్టి తడిమి చూసుకో, గోరు పట్టకూడదు.

పార్టుల కోసం మౌంట్ రోడ్డు పక్కన జీపీ రోడ్డు, పాతవాటికి ఎగ్మోర్ దగ్గర పుదుపేట. పుదుపేటలో లివర్లు, ఫుట్‌రెస్టులు, హబ్బులు, హెడ్‌లైట్ డూములు దొరుకుతాయి, ఓపిక ఉంటే ఒరిజినల్ ఓల్డ్ స్టాక్ కూడా తగులుద్ది, డబ్బా మెరుపు చూసి మోసపోకు, నీ పాత పార్టు జేబులో పెట్టుకెళ్ళి పక్కన పెట్టి బరువు, పోత, అంచు చూసి కొను. ఒక్కటి మాత్రం ఎప్పుడూ కొనొద్దు, నంబర్ ఉన్న క్రాంక్ కేస్, అది ఎవరి బండిదో నీకు తెలియదు, నీ ఆర్‌సీలో ఇంజన్ నంబర్‌తో కలవదు, రేపు పోలీసు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

బ్రేకుల గురించి చిన్న మాట, పాత లైనింగ్ చూడ్డానికి మందంగానే ఉన్నా షూకి అంటించిన జిగురు ఎండి ఊడొస్తుంది, మార్చెయ్. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ముని నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడువు. టైర్ల మీద బటన్లు కొత్తగా ఉన్నా పక్కన నాలుగంకెల్లో వారం, సంవత్సరం అచ్చు ఉంటుంది, అది చూసి మార్చు, రబ్బరు రాయిలా అయిపోయి ఉంటుంది, వానలో నిలవదు.

ఇలా బిగించాక మొదటి ట్యాంకు పెట్రోల్‌లో ఆయిల్ పంపు పనిచేస్తున్నా కూడా లీటరుకి 20 మిల్లీలీటర్ల 2టీ అదనంగా కలుపు, పంపులో గాలి బుడగ ఉంటే ఇదే ఇంజన్‌ని కాపాడుతుంది. చాలామంది పంపు తీసేసి ఎప్పటికీ ట్యాంకులోనే కలుపుకోమంటారు, నేను ఒప్పుకోను, థ్రాటిల్‌ని బట్టి ఆయిల్ కొలిచి ఇచ్చే పంపు అది, బాగుచేయించి ఉంచు, అరవై దాటిన మనిషి బంకులో ఆయిల్ కొలుచుకోవాల్సిన అవసరం ఉండదు. తర్వాత తెల్లవారుజామున లారీలు తగ్గిన టైములో తీసుకెళ్ళు, ఒకే వేగంలో పోకుండా పెంచుతా తగ్గిస్తా, టాప్ గేర్‌లో ముక్కించకుండా, అరగంట తిప్పి పూర్తిగా చల్లారనిచ్చి మళ్ళీ. వంద కిలోమీటర్లకి ప్లగ్ విప్పి చూడు, పింగాణీ ఇటుక పొడి రంగులోనో కాఫీ పొడి రంగులోనో ఉంటే సరిపోయింది, తడి నలుపైతే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా సున్నంలా ఉంటే వెంటనే ఆపు, గాలి ఎక్కువైంది, ఆ తెలుపు తర్వాత వచ్చేది పిస్టన్ పట్టేయడమే.

ఈ 300 కిలోమీటర్లలోనే అసలు సంగతులు బయటపడతాయి. ట్యాంకు ఛాసిస్‌కి ఎక్కడ రాసుకుంటోంది, హ్యాండిల్ తిప్పితే ఏ వైరు బిగుసుకుంటోంది, ఫోర్కు వంగి ఉందా, ఎక్కడ నుంచి ఆయిల్ చెమ్మ వస్తోంది, ఏ బోల్టు వదులవుతోంది. వెల్డింగ్ పడినా, సుత్తి దెబ్బ పడినా, గ్రైండర్ తగిలినా ఇప్పుడే పడనీ, పాడవడానికి పైన ఏమీ లేదు కదా.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది నాకు చాలా ముఖ్యం. తిప్పాక బండి కడిగి ఎండలో పెట్టి ట్యాంకు రెండు పక్కలా చూడు. మోకాళ్ళు ఆనే చోట రంగు అరిగి కొంచెం మసకబారి ఉంటుంది, అరచేయంత వెడల్పున, అది మీ నాన్నగారి మోకాళ్ళు ఆనిన చోటు. ముందు కూర్చున్న పిల్లాడివి నువ్వే అయితే ట్యాంకు పైన మూత దగ్గర చిన్న చిన్న గీతలు కూడా ఉంటాయి. గూడూరులో మా చిన్నాన్న బండికి పెయింట్ కొట్టించాలనే తీసుకొచ్చా, రుబ్బింగ్ కాంపౌండ్ పెట్టి అరపూట తుడిచేసరికి అసలు రంగు నూటికి డెబ్బై పాళ్ళు బతికే ఉంది. ఆయన్ని అడిగితే "ఉండనీరా, నా బండిలాగా ఉంది" అన్నాడు. దానికి పాలిష్ తప్ప ఏమీ చెయ్యలేదు. కంపెనీ రంగు ఒక్కసారే ఉంటుంది, గీకేస్తే మళ్ళీ రాదు. ఛాసిస్, స్టాండు తుప్పు పట్టి ఉంటాయి, వాటికి కొట్టించు, ట్యాంకూ సైడ్ డూములూ మాత్రం తిప్పాకే నిర్ణయించు.

సొట్టలు, తుప్పు ఎక్కువై కొట్టించక తప్పదనుకుంటే మ్యాట్ బ్లాక్ వద్దు, పాత రంగే కొట్టించు. సీటు తీస్తే కింద వెలుగు తగలని చోట అసలు రంగు దొరుకుతుంది, దాన్ని చూపించి మ్యాచ్ చేయించు.

పెయింటర్‌ని ఎలా ఎంచుకోవాలి అన్నది అడగలేదు కానీ చెప్తా. ఆయన పూర్తి చేసిన ట్యాంకు చూడొద్దు, సగంలో ఉన్న ట్యాంకు చూడు. నా రోడ్‌కింగ్‌కి రెండోసారి కొట్టిన మేస్త్రి దగ్గర నేను నేర్చుకున్నది ఇది. పాత రంగంతా కెమికల్‌తో తీసేవాడు, ట్యాంకు రేకు సన్నం, గట్టి ఇసుక బ్లాస్టింగ్ పెడితే ఆ దెబ్బలకి అలలు పడుతుంది అని పెట్టనిచ్చేవాడు కాదు. తర్వాత ఎపాక్సీ ప్రైమర్, సొట్టల్లో లప్పం, దాన్ని 120 నంబర్ కాగితంతో మొదలుపెట్టి 180, 320 దాకా అరగదీసేవాడు. అప్పుడు ప్రైమర్ సర్ఫేసర్ కొట్టి అది ఆరాక దాని మీద నల్ల రంగు దూరం నుంచి తుంపరలా చల్లేవాడు, ట్యాంకంతా నువ్వులు చల్లినట్టు ఉండేది. చెక్క ముక్కకి 400 వాటర్ పేపర్ చుట్టి నీళ్ళు పోస్తా రుద్దుతుంటే ఎత్తుగా ఉన్నచోట నల్ల చుక్కలు పోతాయి, గుంట ఉన్నచోట మాత్రం నల్లగా మిగిలిపోతాయి. కంటికి కనపడని గుంట అక్కడ మచ్చలా తేలుద్ది. అప్పుడు ఆయన కళ్ళు మూసుకుని తడి అరచెయ్యి ట్యాంకు మీద పొడుగునా జరిపేవాడు, వేళ్ళు పైకెత్తి అరచేయి మాత్రమే ఆనించి, ఒకచోట ఆగి పెన్సిల్‌తో సున్నా చుట్టేవాడు. నేను అక్కడే చెయ్యి పెట్టినా నాకేమీ తెలిసేది కాదు, రెండు నెలలు పోయాక తెలియడం మొదలైంది. చెక్క ముక్క లేకుండా వేళ్ళతోనే రుద్దే చోట ట్యాంకు ఇవ్వొద్దు, వేళ్ళ గాడులు క్లియర్ కోట్ (రంగు పైన కొట్టే రంగులేని మెరుపు పొర) కింద ఎండలో కనపడతాయి.

కలర్ మీద స్టిక్కర్లు, స్టిక్కర్ల మీద క్లియర్, ఇదీ వరస. క్లియర్ మాత్రం హార్డెనర్ కలిపే 2కే రకమే ఉండాలి, ట్యాంకు మూత దగ్గర పెట్రోల్ కారితే మామూలు డుకో పెయింట్ మెత్తబడి ముడతలు పడుద్ది. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, చేతిరుమాలు కట్టుకుని కొడితే ఊపిరితిత్తులు పోతాయి, ఒక్కసారి ఒంటికి పడకపోతే జీవితాంతం ఆయాసం. నువ్వే మేడ మీద కొడదామనుకుంటే ఆపు, మేస్త్రికైనా కార్బన్ క్యాట్రిడ్జి మాస్కు లేకపోతే నువ్వు కొనిపెట్టు, నేను ప్రతిసారీ కొనిపెడతా. టైము కూడా చూసుకో, గాల్లో తేమ ఎక్కువున్న రోజు కొడితే పైన తెల్లటి పొర వచ్చి రంగు పాలిపోతుంది, మార్చి నుంచి మే వరకు ఎండ బాగా ఎక్కాక, మబ్బు లేని రోజు కొట్టమను. నీకు జూన్ 30 కాబట్టి మార్చి ఆఖరుకి ఇంజన్, ఏప్రిల్ అంతా తిప్పడం, మే మొదట్లో పెయింట్, సరిగ్గా సరిపోతుంది. క్లియర్ గట్టిపడేదాకా రెండు వారాలు పాలిష్ పెట్టకు.

ఛాసిస్‌కి పౌడర్ కోటింగ్ చేయిస్తే గట్టిగా ఉంటుంది కానీ అది 180, 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు, బేరింగ్ కప్పులూ మరలూ మూసి ఇవ్వాలి, మెడ దగ్గర ఛాసిస్ నంబర్ మీద పొర మందమైతే అంకెలు పూడిపోతాయి, ఆర్టీవో దగ్గర అదో తలనొప్పి. ఆ నంబర్ మీద ఎవర్నీ గ్రైండర్ పెట్టనివ్వకు.

ఇప్పుడు ట్రాక్ సంగతి. నీ ఆశ నాకు బాగా అర్థమవుతుంది, నేనూ అక్కడినుంచే వచ్చాను. 1987లో మా బాబాయి మణలిలో పనిచేసేవాడు, నన్ను షోలవరం రేసులకి తీసుకెళ్ళాడు. మన నెల్లూరు రోడ్డు మీదే, రెడ్‌హిల్స్ దాటాక, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే, దాని మీదే రేసులు పెట్టేది మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, 1953లో పుట్టిన క్లబ్ అది. ఎండలో మనుషులు కిటకిటలాడతా ఉన్నారు, బళ్ళు వస్తుంటే ముందు శబ్దం, తర్వాత బండి, ఆ తర్వాత వాసన. ఆముదం వాసన! మా నాయనమ్మ ఆముదం దీపం పెట్టినప్పుడు వచ్చే వాసన ఇక్కడెలా వస్తోందని నేను బాబాయిని అడిగా, రేసు బళ్ళకి ఆముదంతో చేసిన ఆయిల్ వాడతార్రా అన్నాడు. ఆ రోజు పట్టిన పిచ్చి ఇది. నువ్వు మాత్రం ఆ ఆయిల్ రోడ్డు బండికి పొయ్యకు, లోపల జిగురులా పేరుకుంటుంది, మామూలు ఆయిల్‌తో కలవదు.

కానీ నాన్నగారి బండికి పోర్టింగ్ వద్దు. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ పొగ గొట్టం మాత్రమే కాదు, లోపలి ఆకారం వల్ల పొగతో వెళ్ళిన పీడన తరంగం తిరిగొచ్చి, బయటికి జారిపోతున్న కొత్త పెట్రోల్ మిశ్రమాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది. పోర్టు ఎత్తు పెంచితే ఆ లెక్కంతా పై ఆర్‌పీఎంకి జరుగుద్ది, కింద లాగుడు చచ్చిపోతుంది, అప్పుడు ఊళ్ళో రెండో గేర్‌లో మెల్లగా పోవడం కష్టం, పెట్రోల్ తాగుద్ది, రింగుల ఆయుష్షు తగ్గుద్ది. లోపల కోసేసిన సైలెన్సర్ అరుపు పెంచుద్ది గానీ వేగం పెంచదు. ఒకసారి లైనర్‌లో పోర్టు కోశాక తిరిగి పూడ్చలేవు. ఇది రిటైరైన మాస్టారు పొద్దున పాల ప్యాకెట్ కోసం తీసుకెళ్ళాల్సిన బండి.

నీకు రేసింగ్ కావాలంటే ఇరుంగాట్టుకోట్టై నీ రూము నుంచి గంటన్నర దూరం, 3.7 కిలోమీటర్ల ట్రాక్, దేశంలో చాలామందికి లేని అదృష్టం. అక్కడ నేర్పే స్కూళ్ళున్నాయి, ముందు ఒక రోజు కోర్సు చెయ్యి, ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసుల్ని చూసుకునే సంఘం) లైసెన్స్ తీసుకుని ఒకే మోడల్ బళ్ళతో జరిగే పోటీల్లోకి వెళ్ళు, టీవీఎస్ అపాచీలవి ఉన్నాయి, రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ కప్ ఉంది, బండి వాళ్ళే సిద్ధం చేసి ఇస్తారు, అందరిదీ ఒకే బండి కాబట్టి తేడా నీ చేతుల్లోనే ఉంటుంది. డబ్బు ముందు లెదర్ సూట్, బూట్లు, గ్లవ్స్, మంచి హెల్మెట్ మీద పెట్టు. డ్రమ్ బ్రేకులూ సన్నటి 18 అంగుళాల టైర్లూ ఉన్న బండితో, వెనక నుంచి రెండింతల వేగంతో వచ్చేవాళ్ళ మధ్యకి వెళ్ళడం నీకూ వాళ్ళకీ ప్రమాదం.

డబ్బు గురించి అడిగావు. నీ దగ్గరున్న మొత్తంలో సగం ఇంజన్‌కీ మెషిన్ పనికీ, పావు వంతు బ్రేకులు, టైర్లు, వైరింగ్‌కీ పక్కన పెట్టు, మిగిలిన పావులో పెయింట్. పెయింట్‌కి తక్కువ పడితే ట్యాంకు పాలిష్‌తో ఉండనీ, వచ్చే ఏడాది చూసుకుందువు. ఇంజన్‌లో తగ్గించి పెయింట్‌లో పెట్టకు.

జూన్ 30 పొద్దున ఆయన ఇంటికొచ్చే ముందే ఒకసారి స్టార్ట్ చేసి వేడెక్కించి ఆపెయ్. చోక్ అవసరం లేకుండా ఒక్క కిక్కులో పలకాలి. పాత తాళం గుత్తి ఉంటే దానికే కొత్త తాళం వేసి ఇవ్వు. ప్లగ్ ఒకటి కొత్తది, ప్లగ్ స్పానర్ ఒకటి టూల్ డబ్బాలో పెట్టు, ఆయన అలవాటు ప్రకారం ముందు అదే తెరిచి చూస్తారు.

ఈ శని ఆదివారాల్లో కావలి వెళ్తున్నా అన్నావు కదా, ప్లగ్ విప్పాక పింగాణీ కనపడేలా దగ్గరగా ఒక ఫోటో, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ నెత్తి మీద ఒక ఫోటో, ట్యాంకు లోపలిది ఒకటి, ఆర్‌సీలో గడువు తేదీ, ఈ నాలుగూ పెట్టు. రీబోర్ పడుద్దా, రింగులతో పోతుందా అన్నది అవి చూసి చెప్తా.